మామయ్య కోపం, అత్తయ్య మోచెయ్యి

లోకంలో చాలామంది తమ కోపాన్ని ఇతరుల మీద చూపిస్తారు. మా మామయ్య ఇతరుల చేత చూపించేవాడు. ఆ ఇతరుణ్ణి నేను.

మామయ్యది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే మరీ పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఇంటి ముందు వీధి వైపు ఒక గది, గోడ నిండా రోడ్డు గుర్తుల బొమ్మలు, తలుపు సరిగా పడని ఒక బీరువా, గది ముందు ఒక చిన్న తెల్ల కారు. ఆ కారుకు రెండు క్లచ్చులు, రెండు బ్రేకులు. ఒక జత నేర్చుకునేవాళ్ళకు, రెండో జత బతికి ఇంటికి రావాలనుకునే మామయ్యకు. బోర్డు ముందు నిలబడి రోడ్డు నియమాలు చెప్పడం నా వంతు. తర్కశాస్త్రంలో నేను చేసిన ఎమ్మే అందుకు బాగా పనికొచ్చింది. ఒకవైపు ఇండికేటర్ వేసి ఇంకోవైపు తిరగకూడదన్న సిద్ధాంతాన్ని నాకంటే గంభీరంగా నిరూపించినవాడు లేడు.

నా అసలు ఉద్యోగం మాత్రం కారు వెనక సీట్లో. కోప్పడటం.

దీనికంతటికీ మూలం బీపీ. మన భాషలో బీపీ అంటే రక్తపోటు కాదు, కోపం. "నాకు బీపీ తెప్పించకు" అంటాం గాని "నా రక్తనాళాల్లో ఒత్తిడి పెంచకు" అనం కదా. అందుకే డాక్టరు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముల్లు చూసి, "మీకు బీపీ ఉందండీ" అన్న రోజున మా కుటుంబం మొత్తానికి వినిపించింది "మీకు కోపం ఎక్కువండీ" అని. మామయ్యకు ముక్కు మీద కోపమన్న మాట అప్పట్లో నిజమే. గేరనుకుని శిష్యులు ఆయన మోకాలు పట్టి లాగిన సందర్భాలున్నాయి. ఆ పరిస్థితిలో రాతి విగ్రహమైనా నోరు చేసుకుంటుంది.

డాక్టరు మాత్రలు రాశాడు. లేచి వస్తుంటే మర్యాదకు, "టెన్షన్ పడకండి, కోపం తగ్గించుకోండి" అన్నాడు. వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటే. మామయ్య ఆ మాటను శాసనంగా స్వీకరించాడు. ఇంటికొచ్చి కుర్చీలో నిటారుగా కూర్చుని నన్ను పిలిచాడు.

"ఒరేయ్, ఇవాళ్టి నుంచి నేను కోప్పడను."

"మంచిదే మామయ్యా."

"అలాగని కోప్పడాల్సినవాళ్ళు లేకుండా పోతారా?"

"పోరు."

"వాళ్ళనలా వదిలేస్తే ఎలా? రోడ్డు మీద ప్రాణాలతో పని. అంచేత నా బదులు నువ్వు కోప్పడు. నీకు బీపీ లేదుగా?"

"ఇంకా లేదు."

ఆ 'ఇంకా'ను ఆయన వినిపించుకోలేదు.

పద్ధతి ఇది. ముందు సీట్లో శిష్యుడి పక్కన మామయ్య, వెనక నేను. మామయ్య వేలితో డ్యాష్‌బోర్డు తట్టాడంటే చిన్న కోపం. గొంతు సవరించుకుంటే మధ్యరకం. కళ్ళజోడు తీశాడంటే పూర్తి కోపం. కారు తిన్నగా కరెంటు స్తంభం వైపు పోతూ ఉంటుంది. మామయ్య ముఖంలో వెన్నెల కాస్తూ ఉంటుంది. నెమ్మదిగా కళ్ళజోడు తీస్తాడు. వెంటనే నేను వెనక నుంచి ముందుకు వంగి, "క్లచ్! క్లచ్ తొక్కవయ్యా మహానుభావా! బ్రేకు! నీ కాలు ఇంటి దగ్గర పెట్టి వచ్చావా?" అని ఉరుముతాను. కారు ఆగుతుంది. మామయ్య శిష్యుడి భుజం తట్టి, "పర్వాలేదు నాయనా. మా మేనల్లుడికి కాస్త కోపం జాస్తి. మనసులో పెట్టుకోకు" అంటాడు.

ఈ విధంగా మామయ్యకు ఊళ్ళో 'వెన్న మాస్టారు' అని పేరొచ్చింది. నాకొచ్చిన పేరు అచ్చులో వేయదగింది కాదు.

పాఠం అయ్యాక సమీక్ష ఉండేది.

"ఇవాళ నీ కోపంలో పస లేదురా. ఎదురుగా లారీ వస్తుంటే 'దయచేసి' అన్నావు. కోపంలో దయేమిటి?"

"ఆవిడ మా కాలేజీ ప్రిన్సిపాల్ మామయ్యా."

"అయితే? ఆ సంగతి లారీకి తెలుసా?"

ఇంటి విషయాల్లోనూ ఇదే ఏర్పాటు. పక్కింటాయన రోజూ మా గేటుకు అడ్డంగా స్కూటర్ పెట్టేవాడు. మామయ్య గోడ మీంచి ఎంతో ఆప్యాయంగా, "ఏమండీ, ఒక్క నిమిషం ఉండండి. మీ మీద కోప్పడాలి. మావాడు లోపల పాఠం చెబుతున్నాడు, ఇప్పుడే వచ్చేస్తాడు" అనేవాడు. పాపం ఆయనా ఉండేవాడు. నేను చేతికంటిన సుద్ద దులుపుకుంటూ వచ్చి కోప్పడేవాణ్ణి. ఆయన స్కూటర్ తీసేవాడు. ముగ్గురమూ నమస్కారాలు చేసుకుని ఎవరి పనికి వాళ్ళం వెళ్ళేవాళ్ళం. ఒక మనిషి తనలోంచి ఒక గుణాన్ని సీసాలోని మందులా బయటికి ఒంపి, ఇంకొకడికి తాగించి, తాను చల్లగా కూర్చోవడం చూస్తే నాకు నోట మాట వచ్చేది కాదు. కోపం తప్ప.

ఇక ఆయన నిద్ర. రాత్రంతా పడుకునేవాడు, పొద్దున్నే మూటలు మోసినవాడిలా అలసిపోయి లేచేవాడు, పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడ తూగేవాడు. కారు మూడో మలుపు తిరిగేసరికి తల ఒరిగిపోయేది. ఆ తర్వాత గురక. దాన్ని వర్ణించడానికి నా చదువు చాలదు. ముందు ఎక్కడో దూరంగా రైలు వస్తున్నట్టు సన్నగా మొదలయ్యేది. దగ్గరికొచ్చేకొద్దీ కిటికీ అద్దాలు వణికేవి. పక్కన పోయే సైకిళ్ళవాళ్ళు హారన్ కొట్టకుండానే దారి ఇచ్చేవారు. నేను వెనక సీట్లో ఒదిగి కూర్చుని వినేవాణ్ణి. జలపాతం ముందు నిలబడ్డవాడు అంతకంటే ఏం చేయగలడు?

శిష్యులకు దీంతో ఎక్కడలేని ధైర్యం వచ్చేది. "నేను నడుపుతుంటే మాస్టారు నిద్రపోయారు! నా మీద అంత నమ్మకం!" అని ఇంటికెళ్ళి చెప్పుకునేవారు. వాళ్ళ చుట్టాలు కూడా వచ్చి చేరేవారు. నేను మాత్రం మూడో మలుపు నుంచి హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి తీసేవాణ్ణి కాదు. నమ్మకం వేరు, ప్రాణం వేరు.

విచిత్రమేమిటంటే, గురక సాగినంతసేపూ కారూ సాఫీగా సాగేది. అంతలో అది ఉన్నట్టుండి ఆగేది. జలపాతాన్ని ఎవరో మూత పెట్టి మూసేసినట్టు. మాస్టారు లేచారు, ఇక కళ్ళజోడు తీస్తారు అని హడలిపోయి శిష్యుడు బ్రేకు తొక్కేసేవాడు. కాసేపటికి మామయ్య "గుర్ర్ర్" మని ఉలిక్కిపడి, "ఎందుకాపావు నాయనా?" అని, మళ్ళీ రైలెక్కేవాడు. మా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఈనాటికీ నిశ్శబ్దం వినబడితే బ్రేకు వేస్తారని వినికిడి.

ఇంత చేసినా బీపీ తగ్గలేదు. ఒక మాత్ర రెండయింది, రెండు మూడయ్యాయి.

"నిజం చెప్పండి మాస్టారూ, మీరు కోప్పడటం లేదా?" అన్నాడు డాక్టరు.

"ఒట్టండీ. కావలిస్తే మావాణ్ణి అడగండి. మొత్తం వీడే కోప్పడుతున్నాడు."

డాక్టరు అనుమానం కొద్దీ నా చేతికీ పట్టీ చుట్టాడు. నాది నిక్షేపంలా ఉంది. కోపం నాది, బీపీ ఆయనది. తర్కశాస్త్రంలో దీనికి పేరు లేదు.

మా అమ్మకు తర్కంతో పని లేదు. ఆవిడ మామయ్యకు స్వయానా అక్క. మా ఇల్లు రెండు వీధుల అవతలే.

"బయట కోప్పడటం మానేశాడు, బాగానే ఉంది. మరి ఇంట్లోనో? ఆ మహాతల్లి నోటితో వేగడం ఎవరి తరం? నా తమ్ముడికి ఊపిరాడనిస్తేనా!" అనేది.

మహాతల్లి అంటే మా అత్తయ్య. అత్తయ్య నోరు పెద్దదే, కాదనను. ఆవిడ వంటింట్లోంచి "ఏమండీ" అని పిలిస్తే వీధిలో పోయే నలుగురైదుగురు భర్తలు వెనక్కి తిరిగి చూసేవారు. బీపీ బయటపడిన మొదటి రోజునే అమ్మ తీర్పు చెప్పేసింది: ఇది పెళ్ళాం పెట్టిన జబ్బని. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా ఆ తీర్పుకు కొత్త సాక్ష్యాలు చేర్చేది.

"నిద్రపోయేవాణ్ణి మోచేత్తో డొక్కలో పొడుస్తావుట! గురక పెడితే పొడుస్తారా ఎవరైనా? గురకంటే ఒళ్ళెరగని నిద్ర. మా నాన్న పెట్టేవాడు, మా తాత పెట్టేవాడు."

"గురక పెట్టినందుక్కాదు వదినా. ఆపినందుకు పొడుస్తాను."

"విన్నావురా? పెట్టినా తప్పే, మానినా తప్పే! ఇలాంటి ఇల్లాల్ని ఎక్కడా చూళ్ళేదు!"

మామయ్య ఇద్దరి మధ్యా కూర్చుని నవ్వుతుండేవాడు. చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళేది. తీసేవాడు కాదు.

చివరికి అమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ, ఒక నెల మా ఇంట్లో పడుకో. పొడిచేవాళ్ళుండరు, అరిచేవాళ్ళుండరు. బీపీ ఎలా దిగదో నేనూ చూస్తాను. దిగిందా, అది ఎవరి చలవో నలుగురికీ తెలుస్తుంది."

అత్తయ్య గొంతు తగ్గించింది. ఆ ఇంట్లో అంత చిన్న గొంతు నేనెప్పుడూ వినలేదు. "బట్టలు సర్దమంటారా?" అంది మామయ్యతో.

"చిన్న సంచి చాలు" అన్నాడు మామయ్య.

మా ఇంట్లో ఆయనకు మెత్తని పరుపు, తెరలు దించిన గది ఏర్పాటయ్యాయి. గురక ఆగినప్పుడల్లా అమ్మ, "హమ్మయ్య, ఇప్పుడు ప్రశాంతంగా పడుకున్నాడు" అనుకునేది. పొద్దున్నే ఆయన రెండు చేతులతో తల పట్టుకుని లేచేవాడు. కారులో మూడో మలుపు దాకా కూడా ఆగలేకపోయేవాడు, తలుపు వేయగానే రైలొచ్చేసేది. వారం తిరక్కుండా డాక్టరు ముల్లు ఇంకా పైకెక్కడం చూసి, పట్టీ పాడయిందేమోనని ఇంకొకటి తెప్పించి చుట్టాడు. అదీ అక్కడే నిలిచింది.

"ఏళ్ళ తరబడి ఎక్కించింది వారంలో దిగుతుందా?" అంది అమ్మ. అమ్మ వాదనను ఓడించడం తర్కం వల్ల కాదని అప్పుడే తేలిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక డాక్టరమ్మ మా స్కూల్లో చేరింది. ఊపిరితిత్తుల డాక్టరు. నిద్రలో ఊపిరి తంటాలు చూడటం ఆవిడ ప్రత్యేకతట. మాకు తెలిసిన ప్రత్యేకత ఒక్కటే: ఆవిడ రివర్సు వేస్తే కారు ముందుకు పోయేది.

ఒక మధ్యాహ్నం నాలుగు రోడ్ల కూడలిలోకి వచ్చాం. గురక సాగుతోంది, కారు సాగుతోంది. గురక ఆగింది. అలవాటు ప్రకారం బ్రేకు పడింది. అయితే ఆవిడ మిగతా శిష్యుల్లా బిక్కముఖం వేసుకుని రోడ్డు వైపు చూడలేదు. స్టీరింగ్ వదిలేసి మామయ్య వైపు పూర్తిగా తిరిగింది.

వెనక బస్సు హారన్. దాని వెనక లారీ హారన్. నేను వృత్తిధర్మం పాటించాను. "డాక్టరమ్మగారూ! క్లచ్! కూడలి మధ్యలో కారాపుతారా ఎవరైనా?"

"మీరు కాసేపు నోరు మూస్తారా? ఆయన ఛాతీ చూడండి. కదులుతోందా?"

"కదులుతోంది."

"ముక్కు దగ్గర చెయ్యి పెట్టండి."

పెట్టాను. ఛాతీ ఎగురుతోంది, పొట్ట ఎగురుతోంది, చేతికి మాత్రం గాలి తగల్లేదు. ఒళ్ళంతా ఊపిరి కోసం పెనుగులాడుతోంది, ముఖం మీద మాత్రం అదే వెన్నెల. అంత భయంకరమైన ప్రశాంతతను నేను మళ్ళీ చూడలేదు. నాలుగు రోడ్ల హారన్లూ ఎటో వెళ్ళిపోయాయి. నా అరచేతి ముందు ఖాళీ మిగిలింది.

డాక్టరమ్మ మోచెయ్యి ఎత్తి మామయ్య డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"గుర్ర్ర్!" మని గాలి వచ్చి నా చేతిని తోసేసింది. "గేరు మార్చండి డాక్టరమ్మా, పచ్చ లైటు పడింది" అన్నాడు మామయ్య కళ్ళు తెరవకుండానే.

కారు పక్కకు తీసి ఆపాక ఆవిడ అడిగింది. "ఇది ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"గమనించినావిడ మీద కేసు నడుస్తోందండీ" అన్నాను.

నిద్ర సంగతి తేలేదాకా బండి జోలికి రావద్దని డాక్టరమ్మ మామయ్యకు ఖచ్చితంగా చెప్పింది. ఒళ్ళంతా తీగలు అంటించి నిద్ర పరీక్ష చేయించింది. ఫలితం చెప్పే రోజున కుటుంబమంతా ఆవిడ గదికి వెళ్ళాం. బల్ల మీద మనిషి గొంతును నిలువునా కోసి చూపించే ప్లాస్టిక్ బొమ్మ ఉంది. అమ్మ ముందు కుర్చీలో కూర్చుంది. అత్తయ్య దూరంగా గోడ పక్కన, చెప్పులు విప్పి, కోర్టులో ముద్దాయిలా కూర్చుంది.

"గురక గాఢనిద్రకు గుర్తు కాదండీ" అని డాక్టరమ్మ మొదలుపెట్టింది. "ఈయన నిద్రపోగానే గొంతు వదులై దారి మూసుకుపోతోంది. ఊపిరి ఆగుతోంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు బెదిరిపోయి ప్రమాద గంట కొడుతుంది. గుండె దడదడలాడుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పైకి లేస్తుంది. అప్పుడు ఉలిక్కిపడి ఊపిరి తీస్తారు. కళ్ళు మూతపడతాయి. మళ్ళీ అదే కథ, తెల్లారేదాకా. రాత్రంతా అలా బిగిసిన నాళాలు పగలు మాత్రం వదులవుతాయా? అందుకే అన్ని మాత్రలకీ లొంగలేదు."

"అంటే, కోపం వల్ల కాదూ?" అంది అమ్మ.

"కోపంతో కాసేపు పెరుగుతుంది, దిగుతుంది. బీపీకి కారణాలు చాలా ఉంటాయండీ. ఈయనకు మాత్రం పెద్ద కారణం ఇక్కడుంది" అని బొమ్మ గొంతు మీద వేలు పెట్టింది.

నేను మామయ్య వైపు చూశాను. వెన్న మాస్టారు. ప్రతి రాత్రీ ఎవరికీ తెలియకుండా, తనకే తెలియకుండా, మునిగి తేలి, మునిగి తేలి, పొద్దున్నే పళ్ళు తోముకుని "పర్వాలేదు నాయనా" అనడానికి వచ్చి కూర్చునేవాడు. అంత యుద్ధం చేసినవాడి చొక్కా గుండీలు ఒకటి కింద, ఒకటి పైన పెట్టి ఉన్నాయి. నాకు లేచి దండం పెట్టాలనిపించింది.

మామయ్య ఒక్క ప్రశ్నే అడిగాడు. "మరి ఆ మోచెయ్యి సంగతి?"

డాక్టరమ్మ అత్తయ్య వైపు తిరిగింది. "ఎప్పుడు పొడిచేవారమ్మా?"

"చప్పుడు ఆగిపోతే భయమేసేదండీ. పొడిస్తే పక్కకి ఒత్తిగిల్లి మళ్ళీ మొదలెట్టేవారు. అది వింటూ నేను పడుకునేదాన్ని."

"మోచెయ్యి వైద్యం కాదు" అంది డాక్టరమ్మ నవ్వి. "కాకపోతే, ఇన్నాళ్ళూ ఆగిన ఊపిరిని ఆడించింది ఈవిడే."

నా తమ్ముడికి ఊపిరాడనివ్వదు అని ఏళ్ళ తరబడి అన్నది అమ్మే. ఆ మాట గదిలో అందరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. అమ్మ కుర్చీలో అటూ ఇటూ కదిలింది. అయినా ఓడిపోవడం ఆవిడ రక్తంలో లేదు.

"ఏమో తల్లీ, ఊపిరి సంగతి మీకు తెలుసు. అయినా ఆ నోరుందే..."

మామయ్య కళ్ళజోడు తీశాడు.

దాని అర్థం ఆ గదిలో ఇద్దరికే తెలుసు. నాకు, డాక్టరమ్మకు. ఆవిడ చెయ్యి దానంతటదే బల్ల మీద గేరు కోసం వెతికింది. నా ఉద్యోగ జీవితంలో అంత కష్టమైన మలుపు ఇంకొకటి లేదు. ఎదురుగా కన్నతల్లి. పక్కన మామయ్య, చేతిలో కళ్ళజోడు, ముఖం నిండా వెన్నెల. లేచి నిలబడ్డాను. గొంతెత్తాను. ఇన్నేళ్ళ అలవాటు మరి, ఆ గొంతుకు తెలిసిన మాటే వచ్చింది.

"అమ్మా! బ్రేకు!"

అమ్మ ఆగింది. మా శిష్యుల్లో ఒక్కరూ అంత చక్కగా ఆగలేదు. బల్ల కింద డాక్టరమ్మ పాదం దేన్నో గట్టిగా తొక్కింది. ముందుగా నవ్వింది అత్తయ్య. ఆ నవ్వుకు బయట వరుసలో కూర్చున్న రోగులు లేచి నిలబడ్డారు. అమ్మ నా వైపు ఒక చూపు చూసి (దాని బాకీ ఇంటికెళ్ళాక తీరింది) లేచి వెళ్ళి అత్తయ్య పక్కన కూర్చుంది.

"ఏ చెయ్యే?"

"కుడిది వదినా."

అమ్మ ఆ మోచేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత పుల్లలా ఉంది. తిండి తింటున్నావా లేదా నువ్వు?" అంది. మా అమ్మ భాషలో దాన్ని క్షమాపణ అంటారు.

బయటికొచ్చాక మామయ్యను పక్కకు పిలిచాను.

"ఇన్నేళ్ళు నా చేత ఊరందర్నీ తిట్టించావు. కోపం మానేస్తే బీపీ దిగుతుందని నిజంగా నమ్మావా?"

"లేదురా."

"మరి ఎందుకు మానేశావు?"

మామయ్య కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. "మీ అమ్మ మొదటి రోజే తేల్చేసింది, మీ అత్తయ్య నోటి వల్లే వచ్చిందని. నేను కాదంటే వింటుందా? పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నాడంటుంది. అందుకని కోపమే మానేశాను. తగ్గిందా, ఇక గొడవే ఉండదు. తగ్గలేదా, కోపం వల్ల కాదని, అంటే మీ అత్తయ్య వల్లా కాదని తేలిపోతుంది. రెండు పక్కలా బ్రేకు ఉండాలిరా. డ్రైవింగ్ స్కూలువాణ్ణి."

"ఆ ముక్క నాకైనా చెప్పొచ్చుగా?"

"నువ్వు మీ అమ్మ కొడుకువి."

తర్కశాస్త్రంలో నిరూపణలు చాలా చదివాను. పెళ్ళాం మీద పడ్డ నిందను కొట్టేయించడానికి ఒక మనిషి ఏళ్ళ తరబడి నోరు కుట్టేసుకున్న నిరూపణ ఏ పుస్తకంలోనూ లేదు.

ఇప్పుడు తన ఇంటికి తిరిగొచ్చిన మామయ్య నిద్రపోయేటప్పుడు మాస్కు పెట్టుకుంటాడు. ఒకప్పుడు కోపం ఉండేచోటే, సరిగ్గా ముక్కు మీద. పక్కన చిన్న యంత్రం గొట్టంలోంచి గాలి పంపి గొంతు దారి తెరిచి ఉంచుతుంది. గురక లేదు, ఆగడమూ లేదు. ముల్లు దిగింది. డాక్టరు ఒక మాత్ర తీసేశాడు. మామయ్య పొద్దున్నే పాట పాడుకుంటూ లేస్తున్నాడు, డాక్టరమ్మ అనుమతితో కారెక్కి మూడో మలుపు దాటాక కూడా మెలకువగా ఉంటున్నాడు. శిష్యులకు ధైర్యం బాగా తగ్గింది.

మొన్న మామయ్య స్కూలు గదిలోకొచ్చి గుసగుసగా, "ఒరేయ్, మీ అత్తయ్య ఇంకా పొడుస్తోందిరా" అన్నాడు.

"గురక లేదుగా?"

"లేకపోవడమే తంటా. ఇంత నిశ్శబ్దంగా ఉంటే ఊపిరుందో లేదో నాకెలా తెలుస్తుంది అంటుంది. యంత్రం ఉంది కదా, ఇక మానెయ్యమని కాస్త గట్టిగా చెప్పు."

"సరే, కళ్ళజోడు తియ్యి. ఇప్పుడే వెళ్ళి తిట్టొస్తాను."

మామయ్య చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళింది. అక్కడే కాసేపు ఆగింది. లోపల వంటింట్లోంచి "ఏమండీ!" అని వినబడింది. వీధిలో ఇద్దరు భర్తలు వెనక్కి తిరిగారు.

"వద్దులే" అన్నాడు మామయ్య చెయ్యి దించేసి. "పొడవనీ."